చిటికెన వేలంత ఖాళీ

డిపోలో ఆయన్ని అందరూ రేకులాయన అనేవారు. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉండే ఉంటుంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూసేవాడు కాదేమో. ముప్ఫై ఒక్క ఏళ్ళు రేకులు కోశాడు. రేకంటే ఇంటి పైకప్పు రేకు కాదు. పెట్టెల మీదా బస్తాల మీదా లారీ తలుపుల మీదా అక్షరాలూ గుర్తులూ వేయడానికి పల్చటి రేకులో ఆ ఆకారం కోసి, దాన్ని ఆనించి పైన రంగు కొడతారు చూడండి, ఆ రేకు. ‘తడి తగలనీయకండి’, ‘ఇటువైపు పైకి’, ‘పగిలే వస్తువు, జాగ్రత్త’ అని మనం రోజూ చూస్తూ, ఎవరు రాసి ఉంటారని ఒక్కసారైనా అనుకోని రాతలన్నీ ఇలాంటి వాళ్ళ చేతి పనే.

మనిషి మంచివాడు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నా మీద పడకండి. నోట్లో నాలుక లేనివాడు, ఒకరి జోలికి పోయేవాడు కాదు. కానీ ఆయన చేసిన ఆ ఒక్క పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కాసేపు మండి, తర్వాత జాలేస్తుంది. ఈ రెంటి మధ్యా నలుగుతూనే చెబుతున్నాను.

ఇల్లు డిపో వెనక వీధిలోనే, రెండు గదులు. ఆయన, భార్య, ఒక తమ్ముడు. పిల్లల్లేరు. తమ్ముడికీ ఆయనకీ పన్నెండేళ్ళు తేడా. తల్లి పోయినప్పుడు తమ్ముడికి ఆరేళ్ళు. అప్పట్నుంచి తల దువ్వడం, చొక్కా గుండీలు పెట్టడం, బడికి దిగబెట్టడం అన్నీ అన్నగారే. పెద్దయ్యాక అదే డిపోలో లారీ డ్రైవరుగా పెట్టించాడు. అన్న ఎంత మౌనమో తమ్ముడు అంత వాగుడుకాయ. “పెళ్ళి చేసుకోవయ్యా, నీకు వండిపెట్టలేక చస్తున్నా” అని వదిన అంటే, “లారీలో రెండే సీట్లు వదినా. ఒకదాంట్లో నేను, రెండోదాంట్లో నా బద్ధకం” అనేవాడు. వదిన నవ్వు ఆపుకుంటూ గరిట చూపించేది. ఆ ఇంట్లో మాటలన్నీ వాళ్ళిద్దరివే. రేకులాయన వింటూ తినేవాడు.

ఆ డిపో ప్రభుత్వానిది. ఎక్కడైనా వరదొస్తే, కరువొస్తే అక్కణ్ణుంచి సామాను వెళ్ళేది. ఒక ఏడాది కొండ అవతలి దేశంలో పెద్ద భూకంపం వచ్చింది. ఊళ్ళకి ఊళ్ళు నేలమట్టం. మన ప్రభుత్వం సాయం పంపుదామంది. నలభై లారీలకి తెల్లరంగు కొట్టించారు. తలుపు మీద గుర్తుగా నీలి గిన్నె, దాని పైన మూడు ఆవిరి గీతలు. పెద్దాఫీసులో ఎవరో కాగితం మీద గీసి పంపారు, రేకు కోసే పని ఈయనకొచ్చింది.

ఇక్కడ ఈ పనిలోని ఒక కిటుకు చెప్పాలి, అది తెలియకపోతే మిగతాది తెలియదు. గిన్నె అంచంటే గుండ్రటి గీత. రేకులో గుండ్రంగా కోసుకుంటూ పోతే మధ్య ముక్క ఊడి కింద పడుతుంది కదా! అందుకని రెండు పక్కలా సన్నటి పట్టీలు కోయకుండా వదులుతారు. ఆ పట్టీలే మధ్య ముక్కని పట్టుకుని ఉంటాయి. రంగు కొట్టి రేకు తీస్తే పట్టీ ఉన్నచోట గీత తెగి, చిటికెన వేలంత ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీల్ని తర్వాత కుంచెతో పూడుస్తారు. శుభ్రంగా పనిచేసేవాడికీ చెయ్యి దులుపుకుపోయేవాడికీ తేడా అక్కడే తెలుస్తుంది. రేకులాయన పూడిస్తే భూతద్దం పెట్టి చూసినా అతుకు కనిపించదు.

ఆ రోజు మాత్రం మధ్యాహ్నంలోగా లారీలు బయల్దేరాలని పైనుంచి ఒకటే ఒత్తిడి. నలభై లారీలూ వరసగా నిలబడ్డాయి. ఈయన కుంచె పట్టుకుని ఈ చివర్నుంచి ఆ చివరికి ఎడమవైపు ఖాళీలు పూడ్చుకుంటూ పోయాడు. తిరిగొచ్చేటప్పుడు కుడివైపువి పూడుద్దామని ఆయన లెక్క. ఆ చివర చేరి వెనక్కి తిరిగేసరికి ఈ చివర లారీలు కదిలిపోతున్నాయి. “ఆగండయ్యా, ఇంకా అవలేదు!” అని కుంచె ఊపుకుంటూ పరిగెత్తాడట. ఎవరాగుతారు? అలా నలభై లారీల మీది గిన్నెలూ కుడివైపు అంచు తెగి కొండ దాటాయి. ఆ సిగ్గుకి రేకులాయన రెండు వారాలు సరిగ్గా అన్నం తినలేదు.

లారీలు తిరిగొచ్చాయి. ఈయన రంగు డబ్బా పట్టుకుని పరిగెత్తాడు. తమ్ముడు లారీ దిగుతూనే చెయ్యి అడ్డం పెట్టాడు.

“ముట్టుకోకు అన్నయ్యా! దాని జోలికెళ్ళకు.”

“తప్పుకోరా, నలుగురూ చూస్తే నవ్వుతారు.”

“నవ్వడం కాదు. అదే మమ్మల్ని కాపాడుతోంది.”

సంగతేమిటంటే, భూకంపం వెనకే ఆ దేశంలో కొట్లాటలు మొదలయ్యాయి. కొండల్లో తుపాకీ ముఠాలు లేచాయి. అందులో ఒక ముఠా ఎక్కడో ఒక తెల్ల లారీ సంపాదించి, దాని మీద గిన్నె గుర్తు వేసుకుని ఒక ఊళ్ళోకి వెళ్ళింది. జనం పిండి కోసం బయటికొస్తే ఉన్నది ఊడ్చుకుని, పనికొచ్చే మగవాళ్ళని ఎత్తుకుపోయింది. వాళ్ళు వేసుకున్న గిన్నెకి అంచు నిండుగా ఉంది, తెగలేదు. అది ఎవరు కనిపెట్టారో గానీ, తర్వాత్నుంచి ఆ ఊళ్ళవాళ్ళు తెగిన గిన్నె ఉంటేనే బయటికి వస్తున్నారు.

“మార్కెట్టూళ్ళో ఒక పిల్ల ఉంది. ఏడేళ్ళుంటాయేమో” అని తమ్ముడు భోజనాల దగ్గర చెప్పేవాడు. “లారీ ఆగగానే ముందు అదొస్తుంది. బోనెట్ కింద నుంచి దూరి వచ్చి, తలుపు మీద ఆ ఖాళీలో చిటికెన వేలు పెట్టి చూస్తుంది. సరిపోయిందంటే వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతుంది. అప్పుడు తలుపులన్నీ టపటపా తెరుచుకుంటాయి వదినా! ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చేస్తారు. ఇదంతా మా అన్నయ్య సంతకం మహిమ.”

రేకులాయన తల దించుకుని తినేవాడు. చెవులు మాత్రం ఎర్రబడేవి. జన్మంతా ‘తడి తగలనీయకండి’ అని వేసిన మనిషి. ఆయన పని కోసం ఒక ఊరు ఊరంతా తలుపు తీసుకుని బయటికి వస్తోందంటే ఎలా ఉంటుంది చెప్పండి! ఆ తర్వాత వేసిన ప్రతి లారీ మీదా ఎడమ పూడ్చి, కుడి వదిలేశాడు. డిపో స్టోరు చూసే మేడమ్ డ్రైవర్లందరినీ పిలిచి, “ఈ సంగతి ఏ కాగితం మీదా రాయొద్దు, ఎక్కడా నోరు జారొద్దు” అని గట్టిగా చెప్పింది. ఐదేళ్ళపాటు ఎవరూ జారలేదు.

ఐదేళ్ళ తర్వాత ఇక్కడ ప్రభుత్వం మారింది. కొత్త మంత్రిగారు వచ్చీ రాగానే, గరిటెతో ఎన్నాళ్ళని పోస్తాం, గట్టి చెయ్యి చూపించాలి అన్నారు. ముఠాలు కొండ దిగి మన సరిహద్దు ఊళ్ళ మీద కూడా పడుతున్నాయని, సైన్యాన్ని పంపి వాళ్ళ పని పట్టాలని పేపర్లనిండా అదే. డిపో క్యాంటీన్లో దాని మీద రోజూ రచ్చ. పంపాల్సిందేనని కొందరు, పంపితే పిండి కూడా చేరదని కొందరు. మంత్రిగారి మాటలో పస లేదని నేననను. ముఠాలు దారికాచి నాలుగు బస్తాల్లో ఒకటి లాక్కుంటున్న మాట నిజం. తమ్ముడే చెప్పేవాడు. “ఒకటి పోయినా మూడు చేరుతున్నాయిగా. తుపాకీ పెట్టుకుని వెళ్తే నాలుగూ పోతాయేమో” అని కూడా వాడే అనేవాడు.

మిలిటరీ వాళ్ళు డిపోకి ఉత్తరం రాశారు, మా బళ్ళకి కూడా గిన్నె గుర్తు కావాలని. స్టోరు మేడమ్ ఆ ఉత్తరం చదివి బల్ల మీద పడేసింది. పక్కన రేకులాయన పెట్టెల మీద నంబర్లు వేసుకుంటున్నాడు.

“తుపాకీలు పంపదలుచుకుంటే పంపుకోమనండి. అది సర్కారు ఇష్టం, నేనెవర్ని కాదనడానికి? కానీ తుపాకీ తుపాకీలాగే వెళ్ళాలి. గిన్నె పట్టుకుని వెళ్ళకూడదు. ఏమంటారు పెద్దాయనా?”

“అంతేగా మేడమ్” అన్నాడు రేకులాయన. అన్నాడండీ! ఆ చెవులతోనే విన్నాడు, ఆ నోటితోనే అన్నాడు.

మేడమ్ కుదరదని రాసి పంపింది. మిలిటరీ వాళ్ళు ఊరుకుంటారా? వాళ్ళ దగ్గరా పెయింటర్లున్నారు. చూసి వేసుకున్నారు. కుడీ ఎడమా శుభ్రంగా పూడ్చేసి మరీ వేసుకున్నారు. ఊళ్ళలోకి వెళ్తే ఒక్క తలుపు తెరుచుకోలేదు.

మేడమ్ కూతురి పురుడుకని పది రోజులు సెలవు పెట్టిన వారంలో ఒక కెప్టెన్ వచ్చాడు. ముప్ఫై ఏళ్ళు దాటి ఉండవు. షెడ్డులోకి వస్తూనే టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. “పెద్దాయనా, మీ సలహా ఒకటి కావాలి” అన్నాడు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో రేకులాయన్ని సలహా అడిగిన మొదటి మనిషి అతనే. ఈయన కంగారుగా స్టూలు తుడిచి వేశాడు. అతను కూర్చోలేదు, ఈయన్నే కూర్చోబెట్టాడు. టీ తెప్పించాడు. జేబులోంచి ఒక ఫోటో తీశాడు.

“ఇది మా డాక్టర్ల బండండీ. మందులు తీసుకెళ్తే జనం తలుపులేసుకున్నారు. మీ బళ్ళు వెళ్తే మాత్రం పరిగెత్తుకొస్తారట. గుర్తు అదే, రంగు అదే. తేడా ఎక్కడుందో మాకు అంతుపట్టడం లేదు.”

రేకులాయన కళ్ళజోడు సవరించుకుని ఫోటో చూశాడు. చూసి ఫక్కున నవ్వాడు.

“ఎవడండీ బాబూ వేసింది? ఆవిరి గీతలు మూడూ ఒకే ఎత్తా? మధ్యది పొడుగుండాలి. నీలం కూడా ఇది కాదు, నలుపు ఎక్కువ కలిపాడు. పైగా అంచంతా పూడ్చేశాడు చూడండి. కుడివైపు పూడ్చకూడదుగా!”

అనేశాడు. ఎంతసేపు పట్టింది? టీ గ్లాసు చేతిలోంచి బల్ల మీదికి వెళ్ళేంతసేపు. దొంగతనం చేయలేదు, లంచం తినలేదు, ఎవరికీ చెడు తలపెట్టలేదు. ఒకడు చేసిన పాడు పని కంటపడితే దాన్ని సరిదిద్దకుండా ఉండలేని చెయ్యి ఆయనది. అంతే!

“పూడ్చకూడదా?” అన్నాడు కెప్టెన్ మెల్లిగా.

అక్కడైనా ఆగొచ్చు కదా! ఏదో ముసలాడి చాదస్తం లెండి అని తప్పించుకోవచ్చు కదా! ఆగలేదు. చెప్పకూడనిది చెబుతున్నానని తెలుస్తూనే ఉందిట, అయినా ఆగలేదు. అతను అంత శ్రద్ధగా వింటున్నాడు మరి. కాగితం మీద గీసి, పట్టీ ఎందుకు వదులుతారో, కుడిదెందుకు ఉండిపోయిందో, అవతలి పిల్ల వేలు పెట్టి ఎలా చూస్తుందో మొత్తం చెప్పాడు. కెప్టెన్ “అబ్బ, ఎంత సూక్ష్మం!” అన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వెళ్ళబోతూ, “మీ తమ్ముడుగారు కూడా ఆ దారినే లారీ నడుపుతారట కదా! మా బళ్ళు ముందుంటే ముఠాలవాళ్ళు ఆయన్ని కన్నెత్తి చూడరు. మీరే స్వయంగా వేసిపెడితే మాకు మేలు చేసినవారవుతారు” అన్నాడు. తమ్ముడి మాట ఎత్తేసరికి రేకులాయన మెత్తబడ్డాడు. ఆ కెప్టెన్ అబద్ధం చెప్పాడో, తనకి చెప్పిందే నమ్మి చెప్పాడో నాకు తెలియదు. రెండోదే అయ్యుంటుంది.

శుక్ర, శనివారాల్లో ఆరు ట్రక్కులొచ్చాయి. రేకులాయన మేకుకి తగిలించిన రేకు తీసి, తుడిచి, పన్నెండు తలుపులకీ గిన్నెలు వేశాడు. ఎడమ పూడ్చాడు, కుడి వదిలాడు. మూడో ట్రక్కు దగ్గర ఉండగా గాలికి వెనక టార్పాలిన్ లేచింది. లోపల మందుల పెట్టెలు పెట్టే అరలు లేవు. రెండు వరసల బెంచీలున్నాయి. బెంచీల వెంట తుపాకీ నిలబెట్టుకునే ఇనుప కొక్కేలున్నాయి, కొత్తవి, ఇంకా నూనె తడి ఆరలేదు.

“ఇవేంటండీ?” అని అక్కడున్న సార్జెంటుని అడిగాడు.

“కూర్చోడానికి” అన్నాడు సార్జెంటు, టార్పాలిన్ లాగి కట్టేస్తూ.

రేకులాయనకి అర్థమైంది. అర్థం కాలేదని తర్వాత ఆయనా ఎప్పుడూ బుకాయించలేదు. మూడోది పూర్తి చేశాడు. తర్వాత నాలుగోది వేశాడు, ఐదోది వేశాడు, ఆరోది వేశాడు. సగంలో మానేస్తే ఏమడుగుతారో అని ఒక భయం, కాపలాకే అయ్యుంటుందిలే అని ఒక సర్దుబాటు. అన్నిటికంటే బాగా కుదిరింది ఆరోదేనని తనే చెప్పాడు. చెబుతూ తన చేతివంక చూసుకున్నాడు.

ఆదివారం తమ్ముడు ట్రిప్పు నుంచి వచ్చాడు. మళ్ళీ బుధవారం పొద్దున్నే ప్రయాణం. మధ్యలో రెండు రోజులు. ఆ రెండు రోజులూ అన్నగారు వాడి చుట్టూ తిరిగాడు. సోమవారం టీ తాగుతుంటే వెళ్ళి పక్కన కూర్చుని, గొంతు సవరించుకుని, “టైర్లు బాగున్నాయా?” అని అడిగి లేచొచ్చాడు. మంగళవారం వాడు బూట్లు తుడుచుకుంటుంటే వెళ్ళి నిలబడ్డాడు.

“అన్నయ్య మొహమేంటి వదినా అలా ఉంది, రంగు డబ్బా తన్నేసినట్టు?” అన్నాడు తమ్ముడు.

“నన్నడుగుతావేం? మూడు రోజుల్నుంచీ ఇంతే. అడిగితే నీళ్ళు నములుతారు” అంది ఆవిడ.

“ఈసారికి వెళ్ళకురా” అన్నాడు రేకులాయన. “ఒంట్లో బాగాలేదని చెప్పు.”

“ఎందుకూ?”

“ఊరికే. మనసు బాగాలేదు.”

“నీ మనసు బాగాలేకపోతే నాకు జ్వరమెలా వస్తుందన్నయ్యా?” అని నవ్వాడు తమ్ముడు. “ఈసారి పసిపిల్లల పాలపొడి వెళ్తోంది. అక్కడి ఆస్పత్రిలో నెల రోజుల్నుంచి లేదట. ఎలా ఆగమంటావు?”

చెప్పాల్సింది ఎంత? కుడివైపు ఖాళీ సంగతి మిలిటరీ వాళ్ళకి చెప్పేశానురా, ఇకనుంచి ఆ గిన్నెని నమ్మొద్దు అని. ఒక్క మాట. వాడు కోప్పడేవాడు, తిట్టేవాడు, రెండు రోజులు అన్నం మానేసేవాడు. డ్రైవర్లందరికీ చెప్పేవాడు. అదే కావాలి కూడా! కానీ ‘మా అన్నయ్య సంతకం’ అని ఊరంతా చెప్పుకు తిరిగిన తమ్ముడి ముందు, ఆ సంతకం నేనే ఇచ్చేశాను అనడానికి ఆయనకి తల కొట్టేసినట్టైంది. నాలుక చివరి దాకా వచ్చిన మాటని మింగేశాడు. బుధవారం పొద్దున రొట్టెల పొట్లం తనే కట్టిచ్చి, “జాగ్రత్తరా” అన్నాడు. లారీ మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడ్డాడు.

గురువారం ఏం జరిగిందో తమ్ముడి వెనకే లారీ నడిపిన డ్రైవరు వచ్చి చెప్పాడు. కనుమ దిగాక దారి రెండుగా చీలుతుంది. ఎడమకి ఆస్పత్రి, కుడికి మార్కెట్టూరు. పాలపొడి ఆస్పత్రికి కాబట్టి ఎడమకి తిరగాలి. తమ్ముడు చీలిక దగ్గర లారీ నెమ్మది చేసి, ఒక క్షణం ఆగి, కుడికి తిరిగాడు. ఎందుకు తిరిగాడో ఈ డ్రైవరుకి అర్థం కాలేదు. హారన్ కొట్టాడు, వాడు చెయ్యి బయటపెట్టి రమ్మన్నట్టు ఊపాడు.

మార్కెట్టు మధ్యలో అప్పటికే ఒక తెల్ల ట్రక్కు ఆగి ఉంది. ఆ పిల్లే, ఇప్పుడు పన్నెండేళ్ళది, ముందు వచ్చింది. తలుపు మీద ఖాళీలో చిటికెన వేలు పెట్టింది. వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. తలుపులు తెరుచుకున్నాయి. ఆడవాళ్ళు గిన్నెలతో బయటికొచ్చారు, ముసలివాళ్ళొచ్చారు. అప్పుడు టార్పాలిన్ లేచింది. సైనికులు దూకి మార్కెట్టు చివరున్న పిండిమర వైపు పరిగెత్తారు. అందులో ముఠావాళ్ళు దాక్కున్నారట, నిజంగానే ఉన్నారు కూడా. మరలోంచి కాల్పులు, ఇటునుంచి కాల్పులు. మధ్యలో గిన్నెలు పట్టుకుని నిలబడ్డ జనం.

ఆరుగురు సాయుధులు హతం, ఆపరేషన్ విజయవంతం అని మర్నాడు పేపర్లో వచ్చింది. మిగతావాళ్ళ సంఖ్య వేయలేదు. ఆ పిల్ల ఏమైందో వెనక లారీ డ్రైవరు చెప్పలేదు. రేకులాయన అడగలేదు. తమ్ముడు లారీ దిగి ఎవరినో పక్కకి లాగబోతుంటే కుడి మోచేతిలో తూటా దిగింది. ఆ ఊరి ముసలామె ఒకావిడ తన తలగుడ్డ చింపి కట్టు కట్టింది. కట్టాక వాడి లారీ తలుపు వైపు చూసి, ఇంకెప్పుడూ రావద్దని చేత్తో సైగ చేసిందట.

ఇక్కడికి తెచ్చాక ఆస్పత్రిలో కుడిచెయ్యి మోచేతి పైనుంచి తీసేశారు. రేకులాయన మంచం పక్కన స్టూలు మీద పదిహేను రోజులు కూర్చున్నాడు. తమ్ముడు ఒక్కసారి కూడా ఏమీ అడగలేదు. ఆ అడక్కపోవడమే ఆయన్ని తినేసింది. స్టోరు మేడమ్ సెలవు నుంచి వచ్చి, జరిగింది తెలుసుకుని, షెడ్డులోకి వచ్చింది. అరుస్తుందనుకున్నాడు. అరిచినా బాగుండేది. ఆవిడ మేకు మీంచి రేకు తీసి ఆయన చేతిలో పెట్టింది. “ఇది మీ దగ్గరే ఉంచుకోండి. ఇక దీంతో మనకి పనిలేదు” అని వెళ్ళిపోయింది.

నిజంగానే లేకపోయింది. ఆ తర్వాత ఐదుసార్లు లారీలు కొండ దాటాయి. ఐదుసార్లూ దింపని బస్తాలతోనే తిరిగొచ్చాయి. తలుపుల మీద గిన్నె ఉన్నచోట బురద, రాళ్ళ దెబ్బలు. రేకులాయన నీళ్ళబకెట్టు పెట్టుకుని ఆ బురద కడిగేవాడు. ఎవరూ చెప్పలేదు ఆ పని. ఎవరూ వద్దనలేదు. కడుగుతూ కడుగుతూ ఒకరోజు కుంచె తెచ్చి కుడివైపు ఖాళీలన్నీ పూడ్చడం మొదలుపెట్టాడు. నాలుగు పూడ్చాక కుంచె డబ్బాలో పడేసి కూర్చున్నాడు. పూడ్చితే ముఠావాళ్ళది, వదిలితే మిలిటరీది. ఆయన గిన్నె ఇక ఎటూ లేదు.

నాలుగు నెలలు గడిచాయి. తమ్ముడు ఇంట్లోనే ఉంటున్నాడు. వాగుడు తగ్గింది. ఎడమచేత్తో తినడం నేర్చుకున్నాడు, రాయడం నేర్చుకుంటున్నాడు. గుండీలు మాత్రం రావట్లేదు. రోజూ పొద్దున స్నానం చేసి వచ్చి అన్న ముందు నిలబడతాడు, అన్న గుండీలు పెడతాడు. వంటగదిలో వదిన గిన్నెల చప్పుడొక్కటే వినిపిస్తుంది.

ఆ పొద్దున రేడియోలో వార్తలొస్తున్నాయి. కొండ అవతలి ప్రజలు మన దేశ సాయాన్ని తిరస్కరిస్తున్నందున ఆ కార్యక్రమాన్ని శాశ్వతంగా నిలిపివేస్తున్నట్టు మంత్రిగారు ప్రకటించారని చదివారు. ఆదుకుందామని మనం చెయ్యి చాచినా వాళ్ళు అందుకోలేదని మంత్రిగారు విచారం వ్యక్తం చేశారట.

తమ్ముడు నవ్వాడు. వెనకటి నవ్వు కాదది.

రేకులాయన మూడో గుండీ దగ్గరున్నాడు. “నేనేరా” అన్నాడు. “ఆ కుడివైపు సంగతి నేనే చెప్పాను. ఆరు బళ్ళకీ నేనే వేశాను. నువ్వు వెళ్ళేముందు చెబుదామని రెండు రోజులు నీ వెంటే తిరిగాను. నోరు రాలేదు. సిగ్గేసిందిరా. నా సిగ్గు కోసం నీ చెయ్యి...”

వంటగదిలో చప్పుడు ఆగిపోయింది.

“తెలుసన్నయ్యా” అన్నాడు తమ్ముడు.

“ఎప్పట్నుంచి?”

“చీలిక దగ్గర్నుంచి. మార్కెట్టు అక్కడికి దగ్గరే, ఆగిన బళ్ళ తలుపులు కూడా కనిపిస్తాయి. తెల్ల బండి ఆగి ఉంది. అసలు ఆ పూట అక్కడ మన లారీ ఉండకూడదు, ముఠావాళ్ళేమో అనుకుని నెమ్మది చేశాను. తలుపు చూశాను. మధ్య ఆవిరి పొడుగ్గా ఉంది, కుడివైపు ఖాళీ ఉంది. నీ చెయ్యి నాకు తెలీదా? ఇంకెవడు వేసినా ఎడమకి తిరిగి నా దారిన నేను పోయేవాణ్ణి. మా అన్నయ్య వేసిన గిన్నె కదా, లోపల పిండే ఉంటుందనుకున్నాను. ఆ పిల్లలాగే నేనూ నమ్మాను. బస్తాలు దింపడానికి ఓ చెయ్యి వేద్దామని కుడికి తిరిగాను.”

రేకులాయన చేతిలో మూడో గుండీ అలాగే ఉండిపోయింది. కళ్ళలో నీళ్ళకి గుండీ ఎక్కడో, కాజా ఎక్కడో కనిపించలేదు.

“ఇంకా రెండున్నాయి” అన్నాడు తమ్ముడు. “పెట్టు.”

ఆయన పెట్టాడు.